టెక్సాస్ ర్యాంచ్‌లో అడవి పందుల వేటకి పిలిచారు, బి2 వీసా మీద వెళ్లొచ్చా?

చంద్రగిరి మంచె:

అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి మండలంలో కొండకింద పల్లె. ఉద్యోగం తిరుపతిలో, శని ఆదివారాలు ఊరికి పోతుంటాను. వినాయక చవితి అయిపోగానే నేనూ అమ్మా డాలస్‌లో ఉన్న అక్క వాళ్లింటికి పోతున్నాం, ఇద్దరికీ బి2 విజిటర్ వీసా. బావ అక్కడ హెచ్1బి మీద ఉన్నాడు. బావ ఆఫీసులో పనిచేసే ఒకతని నాన్నకి విచిటా ఫాల్స్ వైపు ర్యాంచ్ ఉందట. అడవి పందులు చేలన్నీ తవ్వేస్తున్నాయి, రెండు రాత్రులు వేటకి రండి అని పిలిచారు. టెక్సాస్‌లో పందిని కాల్చడానికి లైసెన్సు అక్కర్లేదు, సీజనంటూ లేదు, ఎన్ని కాల్చినా అడిగేవాళ్లు లేరు, తుపాకీ కూడా వాళ్లే ఇస్తారు, నువ్వొచ్చి కూర్చుంటే చాలంటున్నాడు బావ.

నాకు పోవాలనే ఉంది. ఎందుకో చెప్తాను. మాకు మూడెకరాల చెనిక్కాయల చేను ఉంది, ఐదో తరగతి నుంచి నాయనతో పాటు మంచె మీద పడుకున్నవాణ్ణి. రాత్రి రెండు గంటలప్పుడు చీకట్లో కాయలు నమిలే చప్పుడు వస్తుంది చూడండి, పటపటా అని, అది విన్నవాళ్లకి ఇంక నిద్ర పట్టదు. టార్చ్ వేసి డబ్బా కొడితే ఈ మూలన లేచిపోయి ఆ మూలన దిగుతాయి. పోయినేడు ఒక్క రాత్రిలో అరెకరం పోయింది. పొద్దున పోయి చూస్తే చేను దున్నినట్టుంది, చెట్లన్నీ వేర్లు పైకి తిరగబడి ఉన్నాయి. నాయన ఒక్కో చెట్టూ ఎత్తి చూసి, మిగిలిన ఒకటీ అరా కాయ ఏరి తువ్వాల్లో వేసుకుంటూ మధ్యాహ్నం దాకా అన్నానికి రాలేదు. ఇప్పుడు కూడా కాయ ఊరే టైమే, నేను అమెరికా పోతే తమ్ముడు కాపలా ఉంటాడు.

అందుకే ఒక్కసారైనా ఒక పందిని కాల్చాలని మనసులో ఉంది, దాచుకోను. అడగాల్సినవి రెండు. బి2 మీద ఉన్నవాడు తుపాకీ పట్టుకోవచ్చా, అక్కడ ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి? రెండోది, అక్కడ పిలిచి మరీ కాల్చమంటుంటే, మన చేలో మనం కాలిస్తే కేసెందుకు అవుతోంది?

పుత్తూరు టు హ్యూస్టన్:

తమ్ముడూ, మీ బావ చెప్పిందాంట్లో సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే ఇద్దరూ జైలుకి పోయే ప్రమాదం ఉంది, కాబట్టి నిదానంగా చదువు, బావకి కూడా పంపు.

2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతి ఉంటే, అడవి పందిని వేటాడటానికి హంటింగ్ లైసెన్సు అక్కర్లేదు. అది నిజం. కానీ అది పందికి సంబంధించిన రాష్ట్ర చట్టం. తుపాకీది వేరే, అది ఫెడరల్ చట్టం. బి2, హెచ్1బి, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటమే నేరం, 2022లో మార్చిన తర్వాత దానికి 15 ఏళ్ల దాకా శిక్ష ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు. మనలాంటి వాళ్లకి ఉన్న మినహాయింపుల్లో పనికొచ్చేది, అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు జేబులో ఉండటం. అంటే పందిని కాల్చడానికి టెక్సాస్ వాళ్లకి నీ లైసెన్సు అక్కర్లేకపోయినా, నువ్వు తుపాకీ ముట్టుకోవడానికి ఆ లైసెన్సే కావాలి. ఇక్కడే మనవాళ్లు పొరపడుతున్నారు. ర్యాంచ్ వాళ్లకి కూడా ఇది తెలియదు, ఎందుకంటే వాళ్లకి దీంతో అవసరం రాదు.

నీకు బయటివాళ్లకిచ్చే ఐదు రోజుల స్పెషల్ లైసెన్సు సరిపోతుంది, 48 డాలర్లు. బావ టెక్సాస్‌లోనే ఉంటాడు కాబట్టి రెసిడెంట్ లైసెన్సు 25 డాలర్లే. వేట సామాన్లు అమ్మే పెద్ద షాపుల్లో కౌంటర్ దగ్గరే ఇస్తారు, పాస్‌పోర్టు పట్టుకుపో. కొనకముందు ఫోటో కోసం కూడా తుపాకీ చేతిలోకి తీసుకోవద్దు. షూటింగ్ రేంజ్‌కి పోయి ప్రాక్టీస్ చేద్దాం అంటారు, అక్కడికీ ఇదే రూలు. నీకు ఏ కాస్త అనుమానం ఉన్నా ఇమిగ్రేషన్ లాయరుకి ఒక ఫోన్ చేయించు, ఆ ఫీజు నీ వీసా కంటే ఎక్కువేం కాదు.

ఇంక వేట సంగతి. నేను నాలుగుసార్లు పోయాను. బ్లైండ్ అని ఒక చిన్న గది ఉంటుంది, మన మంచెకే నాలుగు పక్కలా గోడలు కట్టి కిటికీలు పెట్టినట్టు. దానికి ఎనభై, వంద గజాల దూరంలో ఫీడర్ ఉంటుంది, టైమ్ పెట్టిన ప్రకారం మొక్కజొన్న గింజలు చుట్టూ చిమ్ముతుంది. పందికి చూపు తక్కువ, ముక్కు మాత్రం చాలా గట్టిది. గాలి మీ వైపు నుంచి ఫీడర్ వైపు వీస్తుంటే తెల్లవార్లూ కూర్చున్నా ఒక్కటి రాదు, అలాంటప్పుడు వేరే బ్లైండ్ అడగండి. సెంటు, దోమల మందు వాసన కూడా పట్టేస్తుంది. రాత్రి వేటలో థర్మల్ స్కోప్ వాడతారు. ఒంటి వేడి తెల్లగా కనిపిస్తుంది, దూడనీ పందినీ మొదటిసారి చూసేవాళ్లు తేడా పట్టలేరు. పక్కనున్నవాళ్లు పందే అని చెప్పేదాకా ట్రిగ్గర్ మీదకి వేలు పోకూడదు. దాని వెనక ఏముందో కూడా చూసుకోవాలి, రైఫిల్ తూటా పందిని దాటి కూడా పోతుంది. లోడ్ అయి ఉన్నా లేకపోయినా తుపాకీ మూతి మనిషి వైపు తిరగకూడదు. చెవులకి మఫ్ తప్పదు, ఆ చిన్న గదిలో పేలితే చెవులు దిబ్బళ్లు పడతాయి.

దెబ్బ తిని పొదలోకి పోయిన మగపంది వెనక చీకట్లో పోవద్దు. దాని భుజం మీద చర్మం కింద గట్టి పలక లాంటిది ఉంటుంది, సరిగ్గా తగలకపోతే అది బతికే ఉంటుంది, తిరిగి మీదకొస్తుంది, కోరలతో తొడ దగ్గర చీలుస్తుంది. ర్యాంచ్ ఆయనకి చెప్పి ఆయనతోనే పోవాలి. సెప్టెంబర్ అంటే ఇంకా ఎండలే, గిలకపాములు, అంటే రాటిల్ స్నేక్స్, తిరుగుతుంటాయి, మోకాలి దాకా బూట్లు వేసుకో. గడ్డిలో చిగ్గర్స్ అని కంటికి ఆనని పురుగులుంటాయి, వారం రోజులు దురద వదలదు.

కోనేటి గట్టు:

నాదొక్కటే మాట. మన దగ్గర కూడా ఊరికి నాలుగు తుపాకులిచ్చి రాత్రికి పది పందుల్ని కాల్చమంటే ఒక్క ఏడాదిలో సమస్య తీరిపోతుంది. రైతు ప్రాణం కంటే పంది ప్రాణం ఎక్కువైపోయింది.

పుత్తూరు టు హ్యూస్టన్:

అన్నా, మీ కోపం నాకు అర్థమవుతుంది, మా మామ వాళ్లది కూడా చేనే. కానీ ఇక్కడ సీజన్ లేకుండా, లెక్క లేకుండా, 2011 నుంచి హెలికాప్టర్లలోంచి కూడా కాలుస్తున్నారు. అయినా టెక్సాస్‌లో ఇరవై లక్షలకి పైగా పందులున్నాయని అంచనా. మూడు నెలల మూడు వారాల్లో ఈనుతుంది, ఈతకి ఐదారు పిల్లలు, ఏడాదికి రెండు ఈతలు కూడా పడొచ్చు. ఏడాదికి మూడింట రెండొంతుల పందుల్ని తీసేస్తే తప్ప వాటి సంఖ్య ఉన్నచోట ఆగదని ఇక్కడి వ్యవసాయ విస్తరణ వాళ్లే చెప్తారు. తుపాకీతో ఆ లెక్క ఎప్పుడూ అందదు. మందలో ఒకటి పడగానే మిగతావి చెల్లాచెదురై పక్క చేలోకి పోతాయి. పంట మీద నిజంగా బెంగ ఉన్న రైతులు ఇక్కడ బోను మీద ఆధారపడతారు, మంద మొత్తం ఒకేసారి పడేలా.

ఆవుల డాక్టరమ్మ:

తమ్ముడూ, నేను తిరుపతిలో వెటర్నరీ చదివి చిత్తూరు వైపు పనిచేస్తున్నాను. ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. మన ఆవుల్లో ఈసుడు రోగం తెలుసు కదా, ఏడో నెలలో, ఎనిమిదో నెలలో దూడ పడిపోతుంది. దాని పేరు బ్రూసెల్లోసిస్. అందుకే నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకి టీకా వేస్తాం. అమెరికా అడవి పందుల్లో అదే జాతి క్రిమి వేరే రకం ఉంటుంది, అది మనిషికి సోకుతుంది. పందిని కోసేటప్పుడు నెత్తురు చేతి మీది గీతలోంచి గానీ కంట్లోకి గానీ పోతే చాలు. వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, కీళ్ల నొప్పులు నెలల తరబడి పీడిస్తాయి. మన డాక్టర్లు ముందు టైఫాయిడ్, మలేరియా చూస్తారు తప్ప దీని ఆలోచన రాదు. మనిషికి దీనికి టీకా కూడా లేదు.

అందుకని కోసే పనిలో చెయ్యి పెట్టాల్సి వస్తే రబ్బరు గ్లవ్స్ రెండు జతలు, కళ్లజోడు వేసుకోండి. గర్భసంచి, వృషణాలు ఒట్టి చేతుల్తో అస్సలు ముట్టుకోవద్దు. మాంసం లోపల దాకా 71 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి, అక్కడ వాళ్లు 160 ఫారన్‌హీట్ అంటారు. పొగబెట్టినది, సగం కాలినది తినొద్దు. ఫ్రీజర్‌లో పెట్టాం కదా అనుకోవద్దు, చలికి చావని క్రిములున్నాయి. ఊరికొచ్చిన తర్వాత ఆరు నెలల్లోపు జ్వరం వస్తే, పందిని కోశానని డాక్టరుకి నోరు తెరిచి చెప్పండి. గుర్తుగా కోరలూ చర్మమూ ఇక్కడికి తేవద్దు.

పలమనేరు మలుపు:

నీ రెండో ప్రశ్నకి నేను చెప్తాను, నాది కౌండిన్య అడవి అంచున చేను.

అక్కడి పంది ఆ నేలది కాదు. స్పెయిన్ వాళ్లు తెచ్చిన పెంపుడు పందులు అడవి పట్టాయి, 1930ల్లో వేట సరదా కోసం యూరప్ అడవి పందుల్ని తెచ్చి వదిలారు, రెండూ కలిసిపోయాయి. మన పంది ఈ అడవిదే, వన్యప్రాణి చట్టం కింద ఉంది. 1972 చట్టంలో మూడో షెడ్యూల్‌లో ఉండేది, 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూల్‌లోకి వచ్చింది. చంపితే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అలాగని రైతుకి దారే లేదని కాదు. 11వ సెక్షన్ ప్రకారం పంటకి ప్రమాదంగా మారిన పందిని వేటాడటానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. 62వ సెక్షన్ కింద కేంద్రం ఒక ప్రాంతానికీ కొంత కాలానికీ పందిని చట్టం రక్షణలోంచి తీసెయ్యొచ్చు, 2015, 2016లో బీహార్‌కీ ఉత్తరాఖండ్‌కీ అలా చేసింది. అనుమతి కాగితం లేకుండా మనంతట మనం కాలిస్తే మాత్రం కేసే.

కోనేటి గట్టు అన్నకి కూడా చెప్తున్నా. ప్రాణం గురించి మాట్లాడారు కాబట్టి నా ఇంట్లో జరిగింది రాస్తాను. మూడేళ్ల కిందట ఎవరో పందుల కోసం గట్టు పక్కన నాటు బాంబు పెట్టారు. మా ఆవు మేస్తూ పోయి కొరికింది. చప్పుడు విని పరిగెత్తితే అది పడిపోలేదు, నిలబడే ఉంది, కింది దవడ లేదు. నాలుక వేలాడుతూ నన్ను చూసి అలవాటుగా ముందుకి రెండడుగులు వేసింది. మూడో ఈత ఆవు, పూటకి ఆరు లీటర్లిచ్చేది. రెండు రోజులు నీళ్లు తాగలేక, ఏమీ చేయలేక పోయింది. పెట్టినవాడు కూడా రైతే, వాడి చేను కూడా పందులు తవ్వినవే, అందుకే నేను పోలీసుల దాకా పోలేదు, అది తప్పని ఇప్పుడు అనిపిస్తుంది. కరెంటు తీగలు కూడా అంతే. పంది కోసం మెయిన్ లైను నుంచి తీగ లాగితే రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన మనిషి పోతాడు, ఏనుగు పోతుంది.

నేను ఇప్పుడు చేస్తున్నది చెప్తాను. సోలార్ ఫెన్సింగ్ పెట్టాను, బ్యాటరీ మీద నడిచేది, క్షణానికోసారి షాక్ కొడుతుంది, ప్రాణం తీయదు. మొదటి తీగ నేలకి జానెడు ఎత్తులో ఉండాలి, పంది మూతికి తగిలేటట్టు. పైన ఎన్ని తీగలు కట్టినా అదొక్కటి ఎత్తుగా ఉంటే కిందనుంచి దూరిపోతుంది. వారానికోసారి గడ్డి కొయ్యాలి, గడ్డి తగిలితే కరెంటు భూమిలోకి పోతుంది. బోరు కింద చలికాలం వేసే చెనిక్కాయలకి చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ ఒత్తుగా వేశాను, ముళ్లు కదా, దాని వాసనకి కూడా కాయల వాసన అందదని వ్యవసాయ శాస్త్రవేత్తలే చెప్పారు. పాత చీరలు కట్టడం, వెంట్రుకలు చల్లడం చేశాను, పది రోజులు పనిచేస్తాయి, తర్వాత అలవాటుపడిపోతాయి. నష్టం జరిగిన రోజే ఫోటోలు తీసి అటవీ శాఖకి అర్జీ పెట్టండి, ఎంతొస్తుందనేది తర్వాత, అర్జీలు లేకపోతే మన చేలల్లో పందులే లేవనుకుంటారు.

చంద్రగిరి మంచె:

పలమనేరు అన్నా, ఆవు గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. హ్యూస్టన్ అన్నా, బావకి మీ జవాబు పంపితే నిజంగానే భయపడ్డాడు, పోయిన చలికాలం లైసెన్సు లేకుండానే వాళ్లతో పోయొచ్చాడట. ఇద్దరికీ లైసెన్సులు తీసుకున్నాకే పోతాం. వచ్చాక రాస్తాను.

చంద్రగిరి మంచె (ఆరు వారాల తర్వాత):

వచ్చేశాను. మాటిచ్చాను కాబట్టి జరిగింది రాస్తున్నా.

లైసెన్సు మొదటి రోజే తీసుకున్నాం. మొదటి రాత్రి గాలి మా వైపు నుంచి ఫీడర్ వైపు తిరిగింది, ఏమీ రాలేదు. రెండో రాత్రి పదకొండు దాటాక వచ్చాయి, స్కోప్‌లో లెక్కపెడితే పద్నాలుగు. ముందు ఒక పెద్ద ఆడది, వెనక పిల్లలు, వాటి వెనక ఇంకో రెండు ఆడవి, చివర్లో దూరంగా ఒక మగది. కిటికీ తెరిచే ఉంది, గింజలు నమిలే చప్పుడు వినిపించింది. అదే చప్పుడు. నాకు ఒళ్లంతా చెమట పట్టింది, మంచె మీద ఉన్నట్టే అనిపించింది. పక్కనున్న ర్యాంచ్ పెద్దాయన భుజం తట్టి మగదాన్ని చూపించాడు. కాల్చాను. పడిపోయింది, కదల్లేదు. మిగతావి రెండు క్షణాల్లో మాయమైపోయాయి, తెల్లవార్లూ ఒక్కటీ తిరిగి రాలేదు.

పొద్దున దగ్గరికి పోయి చూశాను, అరవై కిలోలు ఉంటుంది. మూతి మీద ఎర్రమన్ను ఎండిపోయి అంటుకుని ఉంది, మీసాల వెంట్రుకల మధ్య కూడా. మా చేలోదీ అచ్చం ఇలాగే ఉంటుందని అనుకుంటూ నిలబడిపోయాను. ఇన్నేళ్ల కోపం తీరుతుందనుకున్నా, అలాంటిదేం జరగలేదు, దాన్ని కష్టపెట్టకుండా పడగొట్టాను అన్న ఒక్క ఊరట తప్ప. డాక్టరమ్మ గారూ, మీరు చెప్పినట్టే గ్లవ్స్ వేసుకున్నాం, బావకి కూడా వేయించాను.

తర్వాత పెద్దాయన మమ్మల్ని వాగు పక్కకి తీసుకుపోయి బోను చూపించాడు. గుండ్రంగా ఇనప జాలీ పలకలు, ఒకే తలుపు, లోపల ఫీడర్, చెట్టుకి కెమెరా. వారం పది రోజులు తలుపు తెరిచే ఉంచి తినిపిస్తాడట, మందంతా భయం లేకుండా లోపలికి రావడం అలవాటైందని కెమెరాలో చూశాకే ఫోన్‌లో బటన్ నొక్కి తలుపు దించుతాడు. పోయిన నెలలో ఒకేసారి పదిహేడు పడ్డాయన్నాడు. కొడుకు స్నేహితులు వస్తామంటే కాదనలేను, కానీ నిన్న నువ్వు ఒకదాన్ని కాల్చావు, పదమూడింటికి పాఠం చెప్పావు, అని నవ్వకుండానే అన్నాడు. నేను తలొంచుకుని విన్నాను. ఆయన మాట నాకు తప్పుగా తోచలేదు.

ఆయనకి డెబ్బై దాటాయి. నాయనకి వీడియో కాల్ చేసి చూపించాను. అప్పుడే మొలకెత్తిన ఓట్స్ చేలో పందులు తవ్విన చోటికి ఫోన్ తీసుకుపోయాడు పెద్దాయన, చాళ్ల వెంట గుంతలు. నాయన ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసి, ఒక్క రాత్రికేనా అని అడిగాడు. నేను ఇంగ్లీషులో చెప్తే ఆయన రెండు వేళ్లు చూపించాడు. నాయన తన చేను వైపు ఫోన్ తిప్పి మూడు వేళ్లు చూపించాడు. ఇద్దరూ కాసేపు అలాగే చూసుకున్నారు.

పలమనేరు అన్నా, మన దగ్గర ఆ బోను అనుమతి లేకుండా పెట్టడం కుదరదని తెలుసు, అందుకే మీ పద్ధతే చేద్దామని నాయనా నేనూ అనుకున్నాం. కార్తీకంలో బోరు కింద ఎకరన్నర వేస్తున్నాం. కుసుమ విత్తనాలు ఎక్కడ తెచ్చారో, ఎకరానికి ఎన్ని కిలోలు పట్టాయో చెప్పండి. మీకు ఇబ్బంది లేకపోతే వచ్చే ఆదివారం పలమనేరు వస్తాను. నాయన కూడా వస్తానంటున్నాడు, ఆ మొదటి తీగ ఎంత ఎత్తులో కట్టారో ఆయన జానతో కొలిచి చూసుకోవాలట.